సోల, తవ్వ, మానిక, అడ్డ: కంప్యూటరు గడియారం
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛనుదారులమైన మనకు కంప్యూటరుతో పనేమిటని కొందరు మిత్రులు అడుగుతుంటారు. మనం వద్దన్నా ఆ పని మన గడపలోకి వచ్చింది. 2014లో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రవేశపెట్టిన తర్వాత, బతికే ఉన్నామన్న సంగతి కూడా చాలామంది యంత్రానికే చెప్పుకోవలసి వస్తోంది. ఆ యంత్రమంటే బెరుకు ఉన్నంతకాలం మన పాస్‌వర్డు, మన ఓటీపీ ఇంకొకరి చేతిలో పెడుతూనే ఉంటాం. నష్టం అక్కడే మొదలవుతుంది. దాని లెక్క ఏమిటో ఒక్కసారి కంటితో చూస్తే బెరుకు సగం పోతుంది. అందుకు నాకు తెలిసిన తేలిక మార్గం ఒక చిన్న గడియారం.

నల్లని తెరమీద బొమ్మలేవీ లేకుండా అక్షరాలు మాత్రమే కనిపించే పద్ధతిని టెర్మినల్ అంటారు. బ్యాంకుల్లో, రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో అటువంటి తెరలు మనం చూసినవే. లైనక్స్ కంప్యూటర్లలో ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. డెబియన్ అనే ఉచిత లైనక్స్‌లో బిన్‌క్లాక్ అనే ప్రోగ్రాం దొరుకుతుంది. ఇటువంటి గడియారాలు అంకెలకు బదులు చుక్కలతో వేళ చెబుతాయి. చుక్క వెలిగితే ఉన్నట్టు, ఆరితే లేనట్టు.

సాధారణంగా ఇందులో ఆరు నిలువు వరుసలుంటాయి. గంటలకు రెండు, నిమిషాలకు రెండు, సెకండ్లకు రెండు. ప్రతి వరుసలో కింది నుంచి పైకి చుక్కల విలువలు 1, 2, 4, 8. వెలిగిన చుక్కల విలువలు కూడితే ఆ వరుసలోని అంకె వస్తుంది.

ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? మన ఇళ్లలో వడ్లు, జొన్నలు కొలిచిన తీరు గుర్తు చేసుకోండి. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. అంటే సోల 1 అయితే తవ్వ 2, మానిక 4, అడ్డ 8. కొలపాత్ర పరిమాణం ఊరికొక తీరుగా ఉన్నా రెట్టింపు వరస మాత్రం ఒక్కటే. 1957లో నయాపైసలు వచ్చేదాకా చిల్లర లెక్కా ఇంతే. అణా, రెండణాల బేడ, నాలుగణాల పావలా, ఎనిమిదణాల అర్ధరూపాయి.

ఉదయం 10 గంటల 37 నిమిషాలైందనుకోండి. మొదటి వరుస 1, సోల చుక్క ఒక్కటే వెలుగుతుంది. రెండోది సున్న, అన్నీ ఆరి ఉంటాయి. మూడోది 3, తవ్వ, సోల. నాలుగోది 7, మానిక, తవ్వ, సోల. ఒక్కో పాత్రను ఒక్కసారికి మించి వాడనక్కర లేదు. ప్రోగ్రాం లోపల చేసే పనీ ఇదే. అంకెలో అడ్డ పడుతుందా అని చూస్తుంది. పడితే ఆ చుక్క వెలిగించి, మిగిలినదానిలో మానిక పడుతుందా అని చూస్తుంది. అలా సోల దాకా దిగుతుంది.

అన్నిటికన్నా చూడముచ్చటైనది సెకండ్ల వరుస. 7 నుంచి 8కి మారేటప్పుడు కింది మూడు చుక్కలు ఒక్కసారిగా ఆరిపోయి, పైన ఒక్కటి వెలుగుతుంది. మానిక, తవ్వ, సోలకు మరో సోల కలిస్తే అడ్డ నిండింది, అంతే! కంప్యూటరు చేసే కూడికలన్నిటికీ మూలం ఈ రెట్టింపు లెక్కే.

రెండే గుర్తులతో లెక్క కట్టడం మన పండితులకూ కొత్త కాదు. విద్వద్గద్వాల అని పేరుపొందిన సంస్థానం మనది. పద్యం తెలిసినవారు గురువు, లఘువు అనే రెండు గుర్తులు పెట్టే గణవిభజన చేస్తారు. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకు? ఒక్కో అక్షరానికి రెండు దారులు, మూడింటికి రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. పింగళుని ఛందశ్శాస్త్రంలో ఈ ప్రస్తార లెక్క ఉంది.

మిత్రులారా, ఇంట్లో లైనక్స్ ఉన్నవారుంటే ఈ గడియారం పెట్టించుకొని పది నిమిషాలు చూడండి. లేనివారు కాగితం మీద చుక్కలు పెట్టి చూసినా చాలు. టెర్మినల్‌లో గడియారం ఆగకుండా తిరుగుతుంటే కంట్రోల్ మీటతో పాటు సి నొక్కండి, ఆగిపోతుంది. దానివల్ల యంత్రం పాడవుతుందన్న భయం అక్కరలేదు.

ఇదంతా నేర్చి మనం ప్రోగ్రాములు రాయాలని కాదు. సోల, తవ్వ కొలిచిన చేతులకు ఈ లెక్క పరాయిది కాదని తెలిస్తే చాలు. అప్పుడు మన పింఛను వివరం మనమే చూసుకోగలం, మన ఓటీపీ మన దగ్గరే ఉంచుకోగలం. పిల్లల సాయం తీసుకోవచ్చు, తప్పులేదు. కాని వారేం చేస్తున్నారో పక్కన కూర్చుని అర్థం చేసుకోగలగాలి.