డిప్లొమా నుంచి బీటెక్ సెకండ్ ఇయర్‌కి: మధ్యలో మనం మిస్సయ్యేది ఏంటి?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా పాలిటెక్నిక్ చదువుతున్నవాళ్ల కోసం. "అన్నా, డిప్లొమా చేసి ఈసెట్ రాసి బీటెక్‌లో చేరితే నెట్టుకురాగలమా? ఇంటర్ నుంచి వచ్చినవాళ్లతో పోటీ పడగలమా?" అని చాలామంది అడుగుతున్నారు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. ట్రిపుల్ ఈ డిప్లొమా చేసి, లేటరల్ ఎంట్రీలో బీటెక్ సెకండ్ ఇయర్‌లో చేరాను. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ముందు దారి తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. టెన్త్ అయ్యాక పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరతాం. మూడేళ్ల డిప్లొమా. తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. ఇంటర్ వాళ్లకి 2 ప్లస్ 4, మనకి 3 ప్లస్ 3. రెండూ ఆరేళ్లే. మంజూరైన సీట్లకి అదనంగా 10 శాతం సీట్లు లేటరల్ ఎంట్రీకి ఇస్తారు. అంటే 60 మంది సెక్షన్‌లో మనవాళ్లు ఓ ఆరుగురు. మా క్లాసులోనూ సరిగ్గా ఆరుగురమే.

ఇప్పుడు అసలు కథ. కౌన్సెలింగ్ అయ్యి నేను కాలేజీలో అడుగుపెట్టేసరికే క్లాసులు మొదలై మూడు వారాలైంది. మొదటి రోజు ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ క్లాసు. సార్ బోర్డు మీద తలకిందులైన త్రిభుజం ఒకటి వేసి, పక్కన డాట్ పెట్టి, "ఇది మీకు ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్‌లో అయిపోయిందిగా" అని ముందుకెళ్లిపోయారు. క్లాసంతా తలూపింది. నేనూ ఊపాను. అదేంటో నాకు తెలీదు. డైవర్జెన్స్, కర్ల్ అనే మాటలు వినడం అదే మొదటిసారి. నాకు ఈసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. మరి ఇదేంటి ఇలా అయిపోయింది అనుకున్నా.

ఆ సెమిస్టర్‌లో మొదటి మిడ్‌లో ఆ సబ్జెక్టులో నాకు వచ్చింది 9 మార్కులు. సెమిస్టర్ చివర్లో ఫెయిల్ అయ్యాను. డిప్లొమాలో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేనివాడిని. ఇంట్లో నాన్నకి చెప్పడానికి వారం పట్టింది. ఆయన తిట్టలేదు. "ఎక్కడ తేడా వచ్చిందిరా?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు వెతకడంతోనే నా బీటెక్ నిజంగా మొదలైంది.

తేడా ఎక్కడో చూద్దాం. ఈసెట్ 200 ప్రశ్నలు, 3 గంటలు. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మన బ్రాంచి సబ్జెక్టులు 100. లెక్కేస్తే ఒక్కో ప్రశ్నకి 54 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు. అంటే మనం నెలల తరబడి ప్రాక్టీస్ చేసేది ఏంటి? ఫార్ములా గుర్తుపెట్టుకుని బిట్ కొట్టడం. తప్పు లేదు, సీటు రావాలంటే అది కావాలి. కానీ ఈసెట్ సిలబస్ డిప్లొమాలో చదివినదాని మీదే ఉంటుంది. మ్యాట్రిసెస్, పార్షియల్ ఫ్రాక్షన్స్, ట్రిగొనామెట్రీ, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్... ఇలా. బీటెక్ ఫస్ట్ ఇయర్ వాళ్లు వీటి మీద ఇంకో అంతస్తు కట్టేసి ఉంటారు. ఐగెన్ వాల్యూస్, డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ కాల్‌క్యులస్. ఆ అంతస్తు మనం ఎక్కకుండానే లిఫ్ట్‌లో పైకి వచ్చేశాం. సెకండ్ ఇయర్ సబ్జెక్టులు మాత్రం దాని మీదే నిలబడి ఉంటాయి.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. తక్కువ ఫీజుతో అక్కడ రెండేళ్లు చదివి, మూడో ఏడాదికి యూనివర్సిటీకి మారొచ్చు. మన పద్ధతికి కాస్త దగ్గర. కాలిఫోర్నియాలో అయితే అసిస్ట్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. ఏ కాలేజీలో చదివిన ఏ కోర్సు, ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అందులో చూసుకోవచ్చు. ఏది చదవాలో, ఏది తక్కువైందో స్టూడెంట్‌కి ముందే తెలుస్తుంది. నాకు మాత్రం ఒక్కసారిగా ఏడాది మొత్తం మినహాయింపు వచ్చింది. బాగానే ఉంది. కానీ ఆ ఏడాదిలో ఏ టాపిక్ నేను చదవలేదో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేనూ అడగలేదు. అదే నా తప్పు.

అలాగని డిప్లొమా వేస్ట్ అనుకోకండి. అస్సలు కాదు. మెషీన్స్ ల్యాబ్ మొదటి రోజు చెప్తాను వినండి. ఇంటర్ నుంచి వచ్చిన మా బ్యాచ్‌మేట్ ఒకడు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు వాడు, వైర్లు చేతిలో పట్టుకుని "అరేయ్, ఆమీటర్ సిరీస్‌లోనా, ప్యారలల్‌లోనా?" అని మెల్లగా నా చెవిలో అడిగాడు. వాడికి థియరీ తెలుసు, చేతికి రాలేదు. నేను డీసీ మోటార్‌కి స్టార్టర్ కలపడం, స్టార్-డెల్టా కనెక్షన్ ఇవ్వడం పదహారేళ్లకే చేసినవాడిని. వైరింగ్, ఎర్తింగ్, ఫ్యూజు ఎందుకు పోయిందో చూడటం, ఇవన్నీ నాకు అలవాటు. ఆ ల్యాబ్‌లో మా ఆరుగురి చుట్టూ గుంపు ఉండేది.

చివరికి నన్ను గట్టెక్కించింది కూడా అదే. ఆ బ్యాచ్‌మేట్‌తో ఒప్పందం కుదుర్చుకున్నా. "నేను నీకు ల్యాబ్ నేర్పిస్తా, నువ్వు నాకు మ్యాథ్స్ చెప్పు." రోజూ రాత్రి భోజనాలయ్యాక హాస్టల్లో గంట. వాడి ఫస్ట్ ఇయర్ నోట్స్ జిరాక్స్ తీసుకున్నా. ఆ తలకిందుల త్రిభుజం అర్థం కావడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ తర్వాత సబ్జెక్ట్ సప్లీలో పాసయ్యాను. ఒక్కసారి పునాది పడ్డాక మిగతావి అంత భయపెట్టలేదు.

సరే, మీరు ఏం చేయాలి? నేను చేయనివి మీరు చేయండి.

మొదటిది. ఈసెట్ రాశాక క్లాసులు మొదలయ్యేలోపు మీకు ఖాళీ దొరుకుతుంది. ఆ టైమ్‌లో మీరు చేరబోయే యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి మీ బ్రాంచి ఫస్ట్ ఇయర్ సిలబస్ పీడీఎఫ్ దించుకోండి. పెన్ను పట్టుకుని ప్రతి టాపిక్ పక్కన టిక్కో, ఇంటూనో పెట్టండి. ఇంటూ పెట్టినవే మీ వేసవి సిలబస్. మనకి ఆ వెబ్‌సైట్ లేదు కాబట్టి మన లిస్టు మనమే రాసుకోవాలి. అన్నీ చదవక్కర్లేదు. సెకండ్ ఇయర్ సబ్జెక్టులకి అవసరమయ్యేవి చాలు. ట్రిపుల్ ఈ, ఈసీఈ వాళ్లు వెక్టర్ కాల్‌క్యులస్ వదలకండి. సీఎస్ఈలో చేరేవాళ్లు సీ లో పాయింటర్లు గట్టిగా రాకుండా డేటా స్ట్రక్చర్స్ క్లాసులో కూర్చోకండి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ సార్ల పాఠాలు ఫ్రీగా ఉన్నాయి.

రెండోది. చేరిన వారంలోనే డిపార్ట్‌మెంట్‌లో "సార్, లేటరల్ ఎంట్రీ వాళ్లకి బ్రిడ్జ్ క్లాసులు ఏమైనా ఉన్నాయా?" అని అడగండి. కొన్ని కాలేజీల్లో పెడతారు. లేకపోతే ఐదారుగురు కలిసి అడిగితే చెప్పే మేడమో, సారో ఒకరైనా దొరుకుతారు. క్లాసులో అర్థం కానప్పుడు నాలా తలూపకండి.

మూడోది. బిట్లు కాకుండా రాయడం ప్రాక్టీస్ చేయండి. డెరివేషన్ మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో స్టెప్ మింగకుండా. ఇంకో విషయం, మన సీజీపీఏలో ఫస్ట్ ఇయర్ మార్కుల దన్ను ఉండదు. ఇంటర్ వాళ్లు సెకండ్ ఇయర్‌లో జారినా ఫస్ట్ ఇయర్ కాస్త కాపాడుతుంది. మనకి మొదటి సెమిస్టరే మొదటి దెబ్బ. చాలా కంపెనీలు ప్లేస్‌మెంట్‌కి వచ్చినప్పుడు ముందు చూసేది ఆ అంకెనే.

మరి డిప్లొమా మనల్ని బీటెక్‌కి సరిగ్గా తయారు చేస్తుందా? నా జవాబు: చేతులకి పూర్తిగా, ప్రవేశ పరీక్షకి బాగానే, మ్యాథ్స్‌కి సగమే. ఆ మిగతా సగం మన తెలివితక్కువ కాదు. మనం అసలు కూర్చోని ఏడాది పాఠం అది. నేను ఫెయిల్ అయినప్పుడు "నేను డిప్లొమా వాడిని, నా వల్ల కాదు" అనుకుని దాదాపు మానేద్దాం అనుకున్నా. ఆ మాట మీలో ఒక్కరు కూడా అనుకోకూడదనే ఈ ఎపిసోడ్.

మీ క్లాస్‌మేట్స్‌లో ఈసారి ఈసెట్ రాసేవాళ్లుంటే ఇది పంపించండి. సిలబస్ పీడీఎఫ్ ఇవాళే దించుకోమని చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.