సున్నము లేని గోడలు



స్పెయిను దేశపు ఈశాన్యభాగమున కాటలోనియా అను ప్రాంతము కలదు. దాని ముఖ్యనగరమైన బార్సిలోనాకు పడమట పెనెదేస్, వాయవ్యమున బాజెస్ అను ద్రాక్షతోటల సీమలున్నవి. ఆ కొండవాలులలో సున్నముగాని మట్టిగాని వాడక వట్టి రాళ్లను పేర్చి కట్టిన గోడలు, గుడిసెలు విస్తారముగా కానవచ్చును. సెలవుదినములలో సుత్తియు గడ్డపారయు పట్టుకొని పోయి, కూలి కోరక వానిని నిలబెట్టుచున్న పౌరులను గూర్చి నేడు మీకు మనవి చేయుదును.

ఆ కట్టడములు ప్రభువులు కట్టించినవి కావు. అచ్చట ‘రబాసా మోర్తా’, అనగా ‘చచ్చిన మోడు’ అను పేరుగల కౌలుపద్ధతి శతాబ్దములపాటు సాగినది. రైతు బంజరును బాగుచేసి ద్రాక్ష నాటి, పంటలో భాగమును యజమానికిచ్చును. నాటిన తీగలు బ్రతికియున్నంత కాలమే ఆ భూమి అతని వశమున నుండును. ఏరివేసిన రాళ్లతోనే అతడు మెట్లపొలములకు గోడలును, వానకు తలదాచుకొనుటకు గుడిసెయు కట్టెను. బాజెస్ సీమలో దూరపు తోటలనుండి పండ్లు మోయుట కష్టమగుటచే, తోటలోనే గుండ్రని రాతితొట్లు కట్టి, లోపల నున్నని పెంకుపలకలు పొదిగి, ద్రాక్షను అచ్చటనే త్రొక్కి రసమును పులియబెట్టిరి.

19వ శతాబ్ది చివర ఫిలాక్సెరా అను పురుగు వేళ్లను పట్టి తోటలను ఎండగట్టినది. తీగ చచ్చుటతో కౌలుహక్కునకే ముప్పు వచ్చెను. పిదప అమెరికా వేళ్లపై అంట్లు కట్టి అనేకచోట్ల తోటలు మరల వేసిరి. కాని దూరపు వాలులు పెక్కు పాడుపడి, గోడలను అడవి కమ్మినది.

స్వచ్ఛంద సేవకులు కూలిన గోడను గట్టిపునాది కనబడువరకు విప్పి, రాళ్లను పరిమాణమును బట్టి వేరుచేయుదురు. ప్రతి రాతిని పొడవువైపు గోడలోనికి పోవునట్లు పెట్టి, రెండు రాళ్ల అతుకుపై మూడవదానిని నిలిపి, వెనుక చిల్లరాళ్లు కూరుదురు. వాననీరు ఆ సందులగుండ జారిపోవును. సిమెంటు పూసినచో నీరు వెనుక నిలిచి గోడను త్రోయును. గుడిసె కప్పునకు ప్రతి వరుసను క్రిందిదానికంటె కొంచెము లోనికి జరిపి, చివర పలకరాతితో మూయుదురు.

గుడిసెలను వెదకి, కొలిచి, ‘వికీపెద్రా’ అను బహిరంగ పట్టికలో చేర్చుటలోను ఇట్టి సేవకులే ముందున్నారు. దస్త్రములతో బ్రదుకు మనకు పట్టిక విలువ తెలియును. కాని పట్టిక గోడను మోయజాలదు. 2018లో యునెస్కో, స్పెయినుతో కూడ ఎనిమిది దేశముల అభ్యర్థనపై తన జాబితాలో చేర్చినది గోడలను కాదు, గోడ కట్టు విద్యను. ఆ విద్య గ్రంథమున కంటె చేతిలో ఎక్కువగా నున్నది. నేర్చిన వృద్ధుడు పోవులోపల పడుచువాడు అతని ప్రక్కన నిలిచి రాయి పేర్చినగాని అది నిలువదు.

మనలో పలువురము ఏటికొకమారు సెలవుపై స్వగ్రామమునకు పోవుదుము. అచ్చట చేతిపని తెలిసిన పెద్దలు ఇంకను ఉన్నచో, మన బిడ్డలను ఒకపూట వారి చెంత కూర్చుండబెట్టుదము. ఛాయాచిత్రము తరువాత తీసుకొనవచ్చును.