బాక్సరు ఇంజను నాదము

మోటారుకారు శబ్దమును గురించి ప్రసంగమనిన, రొదలో చెప్పుకొనుటకేమున్నదని కొందరు అనవచ్చును. అయినను గేటు వద్ద ఆగిన బండి ఎవరిదో కంటితో చూడకయే చెప్పగలవారు ఇంటికొకరైనను ఉందురు. అట్టి చెవిగలవారికి ఇట్టే పట్టుబడునది బాక్సరు ఇంజను ధ్వని. జపానువారు దానిని ‘డొకొడొకొ’ అని అనుకరింతురు. అది ఒకే ఎత్తున సాగిపోదు. కొంచెము తడబడుచు, అడుగుగొంతుతో గొణుగుచున్నట్లుండును. ఆ తడబాటు ఎక్కడిది?

సాధారణముగా కారు ఇంజనులో నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో నిలిచియుండును. బాక్సరులో రెండు కుడివైపునకు, రెండు ఎడమవైపునకు పడుకొనియుండును. ఎదురెదురుగానున్న పిస్టనులు రెండును ఒకేసారి వెలుపలికి పోయి, ఒకేసారి లోపలికి వచ్చును. ముష్టియోధుని రెండు పిడికిళ్లవలె కదలుటచేతనే దానికా పేరు. ఒకదాని ఊపును రెండవది అణచును గనుక అదురు తక్కువ. ఇంజను నేలకు దగ్గరగా ఉండుటచే మలుపులలో బండికి నిలకడయు కలుగును. జర్మనీలో కార్ల్ బెంజ్ 1896లోనే రెండు సిలిండర్లతో ఇట్టి ఇంజనును నిర్మించెను. నాలుగు సిలిండర్ల బాక్సరును లోకమెల్ల తిప్పినది ఫోక్స్‌వాగన్ బీటిల్. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి బీటిల్ వెలువడునాటికి తయారైనవి 2 కోట్ల 15 లక్షలకు పైగా. దాని ఇంజను గాలితో చల్లబడునది. చుట్టును నీటి తొడుగు లేనందున లోపలి చప్పుళ్లు, పంకా హోరు కూడ కలిసి వినబడును. జపానులోని సుబారు సంస్థ 1966లో ‘సుబారు 1000’ అను కారులో నీటితో చల్లబడు బాక్సరును ప్రవేశపెట్టెను. మనము చెప్పుకొనుచున్న తడబాటునకు ప్రసిద్ధి తెచ్చినవి ఆ సంస్థవారి తరువాతి టర్బో కారులు.

చిత్రమేమనగా, ఇంజను లయ తప్పుటయే లేదు. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగులోపల నాలుగు సిలిండర్లును ఒక్కొక్కమారు పేలును. అరచుట్టునకొక పేలుడు, ఎడమంతయు సమానమే. కాని ఎదురెదురు పిస్టనులు జంటగా కదలవలసియుండుటచే, పేలు క్రమమును ఎట్లు మార్చినను కుడి, ఎడమ, కుడి, ఎడమ అని రాదు. ఒకవైపున వెంటవెంట రెండు, పిమ్మట రెండవవైపున రెండు, ఇట్లే సాగవలెను. సుబారులో 1, 3 సంఖ్యల సిలిండర్లు కుడివైపువి. 2, 4 ఎడమవైపువి. పేలు క్రమము 1, 3, 2, 4. టర్బో యున్నది కుడివైపున. కుడి సిలిండర్ల పొగకు అది దగ్గరి దారి. ఎడమ సిలిండర్ల పొగ ఇంజను క్రిందుగా చుట్టి రావలెను. కావున మొదటి రెండు దెబ్బలు వేళకు పడును, తక్కిన రెండు జాగుగా పడును. మృదంగముపై నాలుగు దెబ్బలు సమముగా పడవలసియుండగా, రెండింటిని క్షణము పట్టి వదలినట్లన్నమాట. లయ చెడినది గొట్టములలోనే గాని ఇంజనులో కాదు.

ఆ అడుగుగొంతు కూడ ఇందువలననే. నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్న ఇంజనులో సెకనుకు 100 పేలుళ్లు కలుగును. ఎడములు సమానమైనచో చెవికి ముఖ్యముగా ఆ 100 స్పందనముల స్వరమే తగులును. ఎడములు మారినచో నాలుగు దెబ్బలకొకసారి వెనుకటి తీరు మరల వచ్చును గనుక, సెకనుకు 25 స్పందనముల ధ్వని తోడగును. సంగీతపు మాటలలో అది రెండు స్థాయిలు క్రిందిది. ఈ మర్మము తెలియని మెకానిక్కు ఇంజనుకు ‘మిస్సింగు’ ఉన్నదని భ్రమపడుటకు వీలున్నది. నిజమైన మిస్సింగులో నాలుగింట ఒక దెబ్బ పోవును, బండి కుదుపును.

1995లో కాలిన్ మెక్‌రే, 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెటర్ సోల్‌బెర్గ్ సుబారు ఇంప్రెజాలను నడపి ప్రపంచ ర్యాలీ విజేతలైరి. ఆ విజయములతోపాటు ఆ ధ్వనియు దేశదేశముల అభిమానులకు పరిచితమయ్యెను.

కాని ఇంజనీరుల దృష్టిలో అది లోపమే. ఒకవైపునున్న సిలిండరు పొగ వదలుట ముగియకమునుపే ప్రక్కది పేలి, దాని పొగ మొదటిదాని దారికి అడ్డువచ్చును. 2003లో జపానులో వెలువడిన నాలుగవ తరము లెగసీలో గొట్టముల నిడివిని సమానము చేసిరి. కుడి ఎడమల సిలిండర్లను ఒక్కొక్కటిగా జతపరచి, పొగలు ఒకదానికొకటి అడ్డురాకుండునట్లు టర్బోకు చేర్చిరి. టర్బో త్వరగా అందుకొనెను. నాదము మాత్రము నున్నబడెను. సుబారు గొంతు పోయినదని అభిమానులు వాపోయిరి. అమెరికాలో అమ్మిన ఎస్.టి.ఐ. కారులో పాత అమరిక 2021 మోడలు వరకు నిలిచెను.

ఇందు ఎవరి పక్షము వహింపవలెను? లెక్క ఇంజనీరులదే సరియైనది. ఇంధనము దండుగయగుటను ఎవరును మెచ్చరు. అయినను వస్తువును మనుష్యులు గుర్తుపట్టి ప్రేమించునది దాని గొంతును బట్టియే అయినప్పుడు, ఆ గొంతు లోపమునుండి పుట్టినదని చెప్పినంతమాత్రమున ప్రేమ తీరదని మేము అనుకొందుము. సైలెన్సరు ఊడదీసి వీధినంతను హడలగొట్టువారి సంగతి వేరు. వారికి కావలసినది నాదము కాదు. ఇటు చూడగా ఐరోపాలో 2021 జూలై నుండి ప్రతి క్రొత్త విద్యుత్ కారును మెల్లగా పోవునప్పుడు బాటసారులకు వినబడునట్లు కృత్రిమధ్వని చేయవలెనని నియమమున్నది. ఆ ధ్వని ఎట్లుండవలెనో కంపెనీలవారు గదులలో కూర్చుండి నిర్ణయించుచున్నారు. సుబారు అభిమానులలో కొందరో, సమమైన గొట్టములను తీయించి, సొంత డబ్బు పోసి అసమమైనవాటిని బిగించుకొనుచున్నారు.