చదువుతూ సేవా? చదువు మాని సేవా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



టెన్త్, ఇంటర్ అయిన పిల్లలు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, మిలట్రీకి ఇప్పుడే వెళ్లిపొమ్మంటారా, కాలేజీలో చేరి ఎన్.సి.సి. తీసుకోమంటారా?" అని. గజపతినగరం చుట్టుపక్కల తెల్లవారక ముందే రోడ్డు మీద పరుగు తీసే కుర్రాళ్లను మీరంతా చూస్తూనే ఉంటారు. వాళ్లలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. అందుచేత ఈ విషయం ఇంటిల్లిపాదీ ఆలోచించవలసినది.

దక్షిణ కొరియా, సింగపూర్ వంటి దేశాల్లో మగపిల్లలకు సైనిక సేవ నిర్బంధం. మన దేశంలో ఎవరి ఇష్టం వాళ్లది. చైనా యుద్ధం తరువాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి.ని తప్పనిసరి చేశారు గానీ, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఎంపిక మన చేతిలో ఉంది గనుక, తెలిసి ఎంచుకోవాలి.

ముందు ఎన్.సి.సి. సంగతి. 1948 చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థ ఇది. క్యాడెట్లను యుద్ధానికి పంపరు. తరువాత సైన్యంలో చేరి తీరాలన్న షరతూ లేదు. చదువు చదువే, పరేడు పరేడే. కాలేజీలో మూడేళ్లు చేసి, 'సి' సర్టిఫికెట్ కనీసం 'బి' గ్రేడులో తెచ్చుకుని, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే, 19 నుంచి 25 ఏళ్ల లోపు వారు రాత పరీక్ష లేకుండానే ఆఫీసరు ఎంపికకు ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆడపిల్లలకూ ఈ వీలుంది. అయితే ఆ ఇంటర్వ్యూ తేలిక కాదు. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది నుంచే ఇంగ్లీషులో మాట్లాడటం సాధన చెయ్యాలి.

టెరిటోరియల్ ఆర్మీ అని మరొకటుంది. 1949 అక్టోబరు 9న రాజగోపాలాచారిగారు దాన్ని ప్రారంభించారు. క్రికెటర్ ధోనీ పేరు విని చాలామంది పిల్లలు దాని గురించి అడుగుతారు. ధోనీకి 2011లో ఇచ్చింది గౌరవ హోదా. అది అప్పటికే ఉద్యోగమో, వ్యాపారమో ఉన్నవాళ్లు ఏడాదిలో కొంతకాలం చేసే సేవ. సంపాదన ఇంకా మొదలుకాని విద్యార్థికి అది బతుకుతెరువు కాజాలదు.

ఇక పూర్తికాలం సేవ. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో సేవ నాలుగేళ్లు. మొదటి ఏడు నెలకు 30,000 రూపాయలు. అందులో 30 శాతం నిధికి పోను చేతికి 21,000. నాలుగో ఏటికి జీతం 40,000. చివర మన వాటా, ప్రభుత్వ వాటా కలిపి, వడ్డీ కాక సుమారు 10 లక్షల 4 వేలు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. శాశ్వత సేవలోకి 25 శాతం దాకా తీసుకుంటామన్నారు. అంటే నలుగురిలో ముగ్గురు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఇంటికి తిరిగి రావాలి.

అలాగని ఆ దారి చెడ్డదని నేను అనను. తండ్రి మంచాన పడ్డ ఇంట్లో నెలకు 21,000 అంటే పొయ్యి వెలగడం. కాని తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఆ పది లక్షలూ చెల్లెలి నికాకి, ఇంటి స్లాబుకి ముందే లెక్క కట్టకండి. తిరిగి వచ్చాక వాడి రెండో బతుక్కి అదే పెట్టుబడి.

పూర్తికాలం అంటే చదువు మానడమే అని కూడా అనుకోవద్దు. ఇంటర్ తరువాత ఎన్.డి.ఎ. పరీక్ష నెగ్గితే శిక్షణతో పాటు డిగ్రీ కూడా వస్తుంది. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు మన జిల్లాలోని కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఆ దారినే వెళ్లారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. సైన్యమంటే జీతం ఒక్కటే కాదు. కనుక ముందు నియ్యత్ సరిచూసుకోవాలి.

మరి నా సలహా ఏమిటంటారా? ఇల్లు మూడేళ్లు ఓర్చుకోగలిగితే డిగ్రీలో చేరి ఎన్.సి.సి. తీసుకోండి. సైన్యం తీసుకోకపోయినా డిగ్రీ మిగులుతుంది. ఇల్లు ఓర్చుకోలేకపోతే అగ్నివీరుడిగా వెళ్లండి; సెలవుల్లోనైనా పుస్తకం వదలకండి. వయసు మాత్రం మరవవద్దు. 2022లో అగ్నివీరులకు పెట్టిన పరిమితి పదిహేడున్నర నుంచి 21 ఏళ్లు. ఆ ఒక్క ఏటికి 23 చేశారు. డిగ్రీ పూర్తయ్యేసరికి చాలామందికి ఆ తలుపు మూసుకుపోవచ్చు. ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చూసుకోండి. సీటు ఇప్పిస్తామనే దళారులకు పైసా ఇవ్వకండి. సైన్యంలో ఎంపికకు లంచం అక్కర లేదు.

ఈ రాత్రికే అమ్మీ, అబ్బా, పిల్లవాడు కలిసి కూర్చుని మష్వరా చెయ్యండి. పిల్లవాడిని కూడా మాట్లాడనివ్వండి, వెళ్లవలసినది వాడు గనుక. మన సంఘం పెద్దలు కూడా ఏటా ఒక ఆదివారం పిల్లల్ని పిలిచి ఈ లెక్కలు చెప్పే ఏర్పాటు చెయ్యాలని కోరుతున్నాను.