గ్రద్దయు, గుత్తి సాలీడును

నాగోల్ వంతెనపై నిలిచి మూసీ వైపు చూచినచో, ఎండవేళ గ్రద్దలు రెక్క కదల్పకయే గుండ్రముగా తిరుగుచుండుట కనిపించును. చీలిన తోకను చుక్కానివలె అటునిటు త్రిప్పుచు గాలిపై తేలుచుండును. నేలపై ఎలుకపిల్ల కదలెనా, చటుక్కున దిగి కాలిగోళ్లతో తన్నుకొని పోవును. ఈ పక్షితో నేడు మేము పోల్చదలచినది ఆకాశమే యెరుగని మరియొక వేటరి: గుత్తి పేరుతో ప్రసిద్ధికెక్కిన నీలి సాలీడు.

టరాంటులా కుటుంబమునకు చెందిన ఈ సాలీటిని 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఆయనకు ఆధారమైన నమూనా గుత్తిలో రైల్వేవారి కలప అడితిలో దొరకినది. అడవిలో నరికిన దుంగతోపాటు బండియెక్కి వచ్చియుండునని పండితుల ఊహ. అదియే నిజమైనచో గుత్తి దాని పుట్టినిల్లు కాదు, దిగిన స్టేషను మాత్రమే! పిదప నూరేండ్లకు, 2001లో, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో అది మరల కనబడినది.

గ్రద్దకు కన్నే బలము. సాలీటికి ఎనిమిది కన్నులున్నను చూపు తక్కువ. పగలు చెట్టుతొర్రలో దాగి, రాత్రి వాకిట కూర్చుండి, కాళ్ల రోమములకు సోకు అదురును బట్టి పురుగు రాకను గ్రహించును. గ్రద్ద మాంసమును చీల్చి మ్రింగును. సాలీడు విషముతో ఎరను లొంగదీసి, జీర్ణరసముతో కరగించి, ఆ ద్రవమును పీల్చుకొనును. దాని నీలము సైతము రంగుపదార్థము వలన కలిగినది కాదు. రోమములలోని అతిసూక్ష్మమైన అమరిక వెలుగును త్రిప్పికొట్టుటచే కలుగుచున్నది.

ఊరు పెరిగినను గ్రద్దకు చింత లేదు. మాంసపు దుకాణముల వ్యర్థములు, చెత్తకుప్పలు దానికి విందు. ఉప్పల్, నాచారము తట్టున చెట్టు దొరకనిచో ఏ ఇనుపస్తంభము మీదనైనను గూడు కట్టుకొనగలదు. సాలీటికి ముసలిచెట్టు తొర్రయే దిక్కు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని మిక్కిలి ప్రమాదస్థితిలోనున్న ప్రాణుల పట్టికలో చేర్చెను. అప్పటికి తెలిసిన దాని నివాసము 100 చదరపు కిలోమీటర్లకు లోపే. పైగా దాని అందమే దానికి చేటు. విదేశములలో గాజుపెట్టెలలో దీనిని పెంచు వేడుకగాండ్రు పెక్కుమంది. 2019లో ఈ ప్రజాతి వ్యాపారమును అంతర్జాతీయ ఒప్పందము అదుపులోనికి తెచ్చినది. మంచిదే. కాని గాజుపెట్టెలో పుట్టిన పిల్ల నల్లమలలోని తొర్రను నింపదని మా అభిప్రాయము.

తొర్రలు చాలనిచోట ఒకే చెట్టులో పెక్కు సాలీళ్లు కలసి కాపురముండును. వంటచెరకునకై అట్టి చెట్టొకటి కూలినచో, ఇల్లు పోవునది ఒక్కదానికి కాదు.