గెలిచింది ఎవరో మైదానమే చెప్పాలె

(అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ చాంపియన్‌షిప్‌కు జట్ల ఎంపికపై విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికా కాలేజీల ఆట ముచ్చట మనకెందుకని మీలో కొందరికి అనిపించొచ్చు. మన పిల్లలు వేలమంది అక్కడి యూనివర్సిటీలల్ల చదువుతున్నరు. శనివారం వస్తే తమ యూనివర్సిటీ రంగు చొక్కా వేసుకొని స్టేడియానికి పోతున్నరు. అదొక్కటే కాదు. ఎవరు పోటీలో ఉండాలె, ఎవరు ఉండొద్దు అని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నది ఆటను మించిన ప్రశ్న. అందుకే ఈ మాట.

ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేతపట్టుకొని ఉరికే ఆట. పై స్థాయిలో 2025 నాటికి 136 యూనివర్సిటీ జట్లున్నయి. సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచ్‌లే. అందరితో అందరూ ఆడుడు కుదరదు. జట్లన్నీ కాన్ఫరెన్సులనే గుంపులుగా విడిపోయి ఉంటయి. మరి దేశంలో మొదటి జట్టు ఏదో ఎట్ల తేల్చాలె? లొల్లి అంతా ఇక్కడనే.

ఓట్లతో చాంపియన్లు

1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ పత్రికా విలేకరుల ఓట్లతో ర్యాంకులు ఇస్తున్నది. 1950 నుంచి కోచ్‌లు కూడా ఓట్లేస్తున్నరు. అంటే తన జట్టుకు, తన ప్రత్యర్థి జట్టుకు కోచే మార్కులు వేస్తడు! ఫలితం ఏమైంది? 1990లో కొలరాడో, జార్జియా టెక్ రెండూ చాంపియన్లే. 1991లో మయామి, వాషింగ్టన్. 1997లో మిషిగన్, నెబ్రాస్కా. ఒక్క కిరీటం, రెండు తలలు. ఆ రెండు జట్లు ఎదురుపడి ఆడింది మాత్రం లేదు.

1998లో కొత్త పద్ధతి తెచ్చిన్రు. ఓట్లు, కంప్యూటర్ లెక్కలు కలిపి ఇద్దరిని ఎంపిక చేసి ఫైనల్ ఆడించిన్రు. 2001లో నెబ్రాస్కా తన ఆఖరి లీగ్ మ్యాచ్‌లో కొలరాడో చేతిలో 62-36తో చిత్తయింది. సొంత కాన్ఫరెన్సు ఫైనల్‌కే పోలేదు. అయినా జాతీయ ఫైనల్‌కు పిలిచిన్రు. అక్కడ మయామి 37-14తో ఓడగొట్టింది. 2004లో ఆబర్న్ ఒక్క మ్యాచ్ ఓడలేదు. అయినా ఫైనల్ ఆడనియ్యలేదు. ఆ ఏడాది చివర అసోసియేటెడ్ ప్రెస్ తన ర్యాంకులను ఈ లెక్కల్లో వాడొద్దని తప్పుకున్నది.

పదమూడు మంది గది

2014 నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. 13 మంది సభ్యుల కమిటీ గదిలో కూచొని జట్లను ఎంపిక చేస్తది. తన యూనివర్సిటీపై చర్చ వచ్చినప్పుడు సభ్యుడు బయటికి పోవాలన్న నియమం ఉన్నది. మంచిదే. కానీ కొలబద్ద ఏది? ‘అత్యుత్తమ జట్లు’ అంటరు. అత్యుత్తమం అంటే గెలిచిన జట్టా, గెలవగలదని వాళ్లకు అనిపించిన జట్టా?

2017లో సెంట్రల్ ఫ్లోరిడా అన్ని మ్యాచ్‌లు గెలిచింది. నాలుగింటిలో చోటు దొరకలేదు. చివరికి పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను 34-27తో ఓడించింది. ఆ ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన అలబామాను, జార్జియాను లీగ్ దశలో ఓడించింది అదే ఆబర్న్! 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కు 13 గెలిచి, తన కాన్ఫరెన్సు చాంపియన్ అయింది. క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డడు కాబట్టి జట్టు బలం తగ్గిందన్నరు. ఒక మ్యాచ్ ఓడిన అలబామాను తీసుకున్నరు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ 63-3తో ఓడింది, నిజమే. కానీ అప్పటికి చాలామంది ముఖ్యులు ఆడకుండా తప్పుకున్నరు. ఓడిపోతవేమోనని పరీక్షకే రానియ్యకపోతే అది న్యాయమెట్ల అయితది?

వడ్డించేవాడు మనవాడైతే...

2024 నుంచి 12 జట్లు. మొదట్ల మెరుగైన ర్యాంకులున్న ఐదుగురు కాన్ఫరెన్సు చాంపియన్లకు హక్కుగా చోటిచ్చిన్రు, మిగతా ఏడింటిని కమిటీ ఎంపిక చేసింది. ఇది ముందడుగే. మొదటి ఏడాది ఎనిమిదో సీడ్‌గా వచ్చిన ఒహాయో స్టేట్ చాంపియన్ అయింది. తొలి రౌండు ఆడకుండానే ముందుకు పోయిన నాలుగు జట్లూ క్వార్టర్ ఫైనల్‌లో ఓడినయి. గదిలో వేసిన అంచనా మైదానంలో తలకిందులు కావచ్చని ఇంతకంటే రుజువు కావాల్నా?

కానీ సొమ్ము ఎటు పోతున్నదో చూడుండ్రి. 2026 నుంచి టీవీ ఒప్పందం విలువ ఏడాదికి సుమారు 130 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా రెండే కాన్ఫరెన్సులకు, బిగ్ టెన్‌కు, ఎస్‌ఈసీకి పోయేటట్లు రాసుకున్నరు. పోటీ రూపం ఎట్ల ఉండాల్నో నిర్ణయించడంలోనూ పెద్ద మాట ఆ రెండింటిదే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఫరవాలేదన్నరు పెద్దలు. వడ్డించేవాడు మనవాడు కానోళ్ల సంగతేంది?

ఏం చేయాలె?

ఒకటి: ప్రతి కాన్ఫరెన్సు చాంపియన్‌కు హక్కుగా చోటు ఉండాలె. ఇది గొంతెమ్మ కోరిక కాదు. అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 68 జట్లను ఆడిస్తరు, ప్రతి కాన్ఫరెన్సు విజేతకు చోటుంటది. ఫుట్‌బాల్‌లోనే కింది స్థాయిల్లో 24 జట్లతో, 40 జట్లతో ప్లేఆఫ్‌లు జరుగుతున్నయి. అక్కడ వీలైంది పైన ఎందుకు కాదు?

రెండు: మిగిలిన చోట్లకు కొలబద్దను సీజన్‌కు ముందే అచ్చేసి చెప్పాలె. గెలుపోటములకు ఎన్ని మార్కులు, ప్రత్యర్థి బలానికి ఎన్ని మార్కులు అన్నది ఎవరైనా కాగితం మీద లెక్క కట్టుకునేటట్లు ఉండాలె. డిసెంబర్‌లో జట్ల పేర్లు చూసినంక నియమాలకు అర్థాలు మార్చొద్దు.

మూడు: కమిటీ ఉండొచ్చు. కానీ దాని పని సీడింగ్ వరకే. ఎవరు రావాలన్నది దాని చేతిలో ఉండొద్దు.

నాలుగు: జట్లు పెంచితే మ్యాచ్‌లు పెరుగుతయి. ఒహాయో స్టేట్ 2024 సీజన్‌లో 16 మ్యాచ్‌లు ఆడింది. ఆడేది విద్యార్థులు, దెబ్బలు తగిలేది వాళ్ల ఒంటికి. కాబట్టి లీగ్ దశలో ఒక మ్యాచ్ తగ్గించాలె. టీవీ పైసలు తగ్గుతయంటే తగ్గనీయండి.

‘చిన్న కాన్ఫరెన్సుల జట్లు వస్తే పెద్ద జట్ల చేతిలో చిత్తవుతయి’ అని ఒక వాదన ఉన్నది. 2025 సీజన్ తొలి రౌండులో తులేన్, జేమ్స్ మాడిసన్ ఓడినయి, కాదనను. మరి 2022 సీజన్ ఫైనల్‌లో టీసీయూ 65-7తో ఓడింది కదా! ఆ జట్టును తెచ్చింది చాంపియన్ హక్కు కాదు. తన కాన్ఫరెన్సు ఫైనల్‌లో ఓడినంక కూడా కమిటీయే ఎంపిక చేసింది. చిత్తుగా ఓడుడు చిన్నోళ్లకే రాసిపెట్టి లేదు.

మిత్రులారా! చిన్న జట్టును గెలిపించమని ఎవరూ అడుగుతలేరు. బరిలో నిలబడే హక్కును అడుగుతున్నరు. ఆడి ఓడినోడు ఇంటికిపోయి వచ్చే ఏడాదికి తయారైతడు. గెలిచి కూడా గడప దాటనియ్యనోడికి ఆ ఆట మీదనే నమ్మకం పోతది. నమ్మకం పోయిన ఆటలో కిరీటం ఎవరి తల మీద పెట్టినా అది తళుకే గానీ బంగారం కాదు.