నడిసముద్రమున ఒక తలుపు

2013వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన మెక్సికో సింధుశాఖలో ఒక విహారనౌక యంత్రశాలకు నిప్పంటుకొన్నది. ప్రాణనష్టము జరుగలేదు. కాని విద్యుచ్ఛక్తి పోయినది. దానితోపాటు ఓడలోని మరుగుదొడ్లు పెక్కు పనిచేయుట మానినవి. ప్రయాణికులు, సిబ్బంది కలిసి నాలుగువేలకు పైబడిన జనము అందులో నుండిరి. లాగుడు పడవలు ఆ ఓడను అమెరికాలోని మొబీల్ రేవునకు చేర్చుటకు నాలుగు దినములకు పైగా పట్టినది. ఆ దినములలో దేశదేశముల పత్రికలును ఆ వార్తనే వ్రాసినవి. అంత గొప్ప ఓడలో, అన్ని భోగముల నడుమ, కాలకృత్యములకు చోటు లేక జనులు పడిన బాధను విని లోకము జాలిపడినది.

మేము నేడు చెప్పదలచినది ఆ ప్రమాదమును గూర్చి కాదు. ఓడ సుఖముగా సాగుచుండగా, దీపములన్నియు వెలుగుచుండగా, ప్రతి అంతస్తునను మరుగుదొడ్లు శుభ్రముగా ఉండగా, ఏ తలుపు తెరువవలెనో తెలియక నిలిచిపోవు ప్రయాణికులు కొందరు కలరు. వారి యవస్థ నాలుగు దినములతో తీరునది కాదు. ప్రయాణమున్నన్ని నాళ్ళును ఉండునది. అయినను పత్రికలకు అది వార్త కాదు.

వీరు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. పుట్టిననాడు మగపిల్లవాడనియో ఆడపిల్ల యనియో పెద్దలు వ్రాయించిన దానికిని, తమ అంతరంగము తమకు చెప్పుదానికిని పొందిక కుదరనివారు. కొందరు స్త్రీలుగా జీవింతురు, కొందరు పురుషులుగా జీవింతురు, మరికొందరు ఈ రెండింటిలో ఏదియు తమకు సరిపడదందురు. మన దేశమునకు వీరు క్రొత్తవారు కారు. పెండ్లియింటికి, పురుటియింటికి వచ్చి దీవించిపోవు హిజ్రాలను ఎరుగని యిల్లు మనలో అరుదు. దీవెనను స్వీకరించిన మనము, ఆ దీవించినవారు దాహము వేసినపుడు ఎక్కడ నీరు త్రాగుదురో, అవసరమైనపుడు ఏ మరుగునకు పోవుదురో ఎన్నడైన ఆలోచించితిమా? ఈ ప్రశ్న ఇంటిముంగిట పుట్టినదే. సముద్రముపై అది మరింత తీవ్రమగును. ఏలయన, ఓడ నుండి దిగి మరియొక చోటికి పోవుటకు వీలులేదు.

విహారనౌక యనగా తేలియాడు పట్టణము. పెద్దవానిలో ఒక్కొక్కదానియందు అయిదువేల మందికి పైగా ప్రయాణికులు పట్టుదురు. పొడవు మూడువందల మీటర్లు దాటును. అంతస్తులు పదిహేనుకు తక్కువ కావు. ప్రతి క్యాబినునకును సొంత మరుగుదొడ్డి ఉండును. అందులో మన యిండ్లలోవలె బకెట్ల కొలది నీరు పోయరు. గాలిని లాగివేసిన గొట్టములు మలినమును పీల్చుకొనును, ఒక్క లీటరు నీరు చాలును. ఈ ఏర్పాటు విన్న వెంటనే కొందరు శ్రోతలు, “క్యాబినులో ఉన్నది గదా, ఇంక వీరికి వచ్చిన కష్టమేమి?” అని అడుగవచ్చును.

న్యాయమైన ప్రశ్నయే. కాని ఓడ నెక్కినవాడు క్యాబినులో కూర్చుండుటకు ఎక్కడు. పగలు ఈతకొలను కడను, భోజనశాలలోను, సాయంకాలము నాటకశాలలోను ఉండును. అచ్చటి మరుగుదొడ్లన్నియు పురుషులకు ఒక వరుస, స్త్రీలకు ఒక వరుసగా కట్టుట వాడుక. నాటకము నడుమ లేచి, ఓడ ఈ కొసనుండి ఆ కొసకు నడచి, లిఫ్టు కొరకు కాచుకొని, అంతస్తులు దిగి, మరల తిరిగి వచ్చుసరికి నాటకము ముగియును. దీనికి తోడు వైద్యుల కెరుకైన మరియొక సంగతి యున్నది. స్త్రీలుగా జీవించు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు అమెరికాలో వైద్యులు తరచుగా ఇచ్చు మందులలో స్పైరొనోలాక్టోన్ ఒకటి. అది మూత్రమును అధికము చేయు మందు. అనగా, ఎవరికి తలుపు దూరమైనదో వారికే అవసరము తరచు కలుగును.

తలుపు దూరమైనపుడు మనుష్యులు ఏమి చేయుదురు? నీరు త్రాగుట మానుదురు. ఇది ఊహ కాదు. అమెరికాలో 2015లో 27,715 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సమాధానములు సేకరించిన ఒక గొప్ప పరిశీలనలో, గడచిన సంవత్సరమున నూటికి 59 మంది చిక్కులు వచ్చునను భయముచే బహిరంగ మరుగుదొడ్లను విడిచిపెట్టినట్లు చెప్పిరి. నూటికి 32 మంది ఆ అవసరము రాకుండుటకై అన్నపానములనే తగ్గించుకొనిరి. నూటికి 8 మందికి మూత్రనాళమునకో మూత్రపిండములకో సంబంధించిన వ్యాధి వచ్చినది. ఉష్ణమండల సముద్రముపై, ఎండలో, నోరెండగట్టుకొని కూర్చుండిన ప్రయాణికుని తలచుకొనుడు. చుట్టును ఉచిత పానీయములు, ఎదురుగా విందు, అతడు మాత్రము గ్లాసు ముట్టడు. డబ్బు చెల్లించి కొనుక్కొన్న ఉపవాసమది.

ఇక తలుపు కడ నిలిచిన క్షణమును గూర్చి చెప్పుదము. చీర కట్టినట్టి, గౌను తొడిగినట్టి యొక ట్రాన్స్‌జెండర్ స్త్రీ పురుషుల గదికి పోయినచో ఎగతాళికి, ఒక్కొక్కప్పుడు దెబ్బలకు గురియగును. స్త్రీల గదికి పోయినచో అనుమానపు చూపులు ఎదురగును. “పుట్టుకనుబట్టి పోవలెను” అను నియమము పైకి సులభముగా కనబడును. కాని ఆడశిశువుగా పుట్టి, నేడు గడ్డము మీసములతో పురుషుడుగా బ్రతుకుచున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆ నియమమును పాటించి స్త్రీల గదిలో అడుగిడినచో, లోపలి స్త్రీలు హడలిపోరా? నియమము పాటించినందుకే అతడు అపరాధి యగును.

స్త్రీల భయమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. అపరిచితుల నడుమ మరుగు కావలెనని స్త్రీ కోరుట న్యాయము. ఆ కోరికకు వెనుక ఎన్నో చేదు అనుభవములు కలవు. కాని ఆ భయమును తీర్చుటకు తలుపు కడ కావలివానిని నిలిపి, వచ్చిన ప్రతి మనిషిని పరీక్షింపవలెనా? విరాటరాజు బృహన్నలను కన్యాంతఃపురమునకు పంపుటకు ముందు స్త్రీలచే పరీక్ష చేయించెనని సంస్కృత భారతము చెప్పుచున్నది. అది రాజుల కాలము, అజ్ఞాతవాసపు కథ. అయిదువేల మంది ఎక్కిన ఓడలో ఎవరిని ఎవరు పరీక్షింతురు? పొడగరియైన స్త్రీని, జుట్టు కురచగా కత్తిరించుకొన్న స్త్రీని, వ్యాధిచే రూపు మారిన స్త్రీని కూడ ఆ పరీక్ష అవమానపరచును. కాపలా వలన భయము తీరదు. గడియ వలన తీరును. ఆ సంగతి పిదప చెప్పుదుము.

చట్టమును శరణు వేడుదమన్నచో, సముద్రముపై ఏ దేశపు చట్టము? 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రచట్టపు ఒడంబడిక ప్రకారము, నడిసముద్రమున ఓడ ఏ దేశపు జెండా ఎగురవేయునో, సాధారణముగా ఆ దేశపు అధికారమే దానిపై చెల్లును. విహారనౌకలు పెక్కు బహామా, పనామా, మాల్టా వంటి దేశములలో నమోదైనవి. కంపెనీ ఒక దేశమునది, జెండా మరియొక దేశమునది, ప్రయాణికుడు వేరొక దేశమువాడు. రేవు చేరిన పిదప ఆ రేవు దేశపు చట్టమును వచ్చి కలియును.

ఆ చట్టములు ఒక్క తీరున లేవు. ఒకచోటనైన స్థిరముగా లేవు. గయానా దేశములో పురుషుడు అనుచితోద్దేశముతో స్త్రీవేషమున బయట తిరుగరాదను 1893 నాటి చట్టమును పట్టుకొని, 2009లో కొందరిని నిర్బంధించి జుల్మానా వేసిరి. కరీబియన్ న్యాయస్థానము 2018 నవంబరు 13న ఆ చట్టమును కొట్టివేయువరకు అది నిలిచియే యుండెను. అమెరికా ప్రభుత్వము 2022 ఏప్రిల్ నుండి స్త్రీ పురుష గుర్తులకు తోడు ‘ఎక్స్’ అను మూడవ గుర్తుతో పాస్‌పోర్టులు కోరినవారికెల్ల ఇచ్చుట మొదలిడి, 2025 జనవరిలో నిలిపివేసినది. 2025 ఏప్రిల్ 16న బ్రిటను సర్వోన్నత న్యాయస్థానము, తమ సమానత్వ చట్టములో స్త్రీ యనగా పుట్టుకచే స్త్రీయే యని అర్థము చెప్పినది. మన దేశములో 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ లింగముగా గుర్తించి, వారికి ప్రత్యేక మరుగుదొడ్లు కల్పింపుమని ప్రభుత్వముల నాదేశించినది. 2017లో కేంద్రప్రభుత్వపు పారిశుద్ధ్య మార్గదర్శక సూత్రములు, వారు తమకు నచ్చిన స్త్రీల లేక పురుషుల బహిరంగ మరుగుదొడ్డిని వాడుకొననిండని చెప్పినవి.

ఈ తీర్పులలో ఏది మేలు, ఏది కీడు అని వాదించుట నేటి మా పని కాదు. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. రాత్రి ఒక క్యాబినులో పడుకొని, తెల్లవారి అదే పక్కమీద లేచిన మనిషి, నిద్రలోనే ఒక చట్టము నుండి మరియొక చట్టములోనికి దాటిపోవుచున్నాడు. అతని అవసరము మాత్రము ఏ రేవులోనైనను ఒక్కటే. మారుచుండు చట్టములపై ఆధారపడని ఉపాయ మేదైన కలదా?

కలదు. అది మనకు చిరపరిచితము. మన రైలుపెట్టె కొసలలో నుండు మరుగుదొడ్లను స్మరింపుడు. స్త్రీ పోవును, పురుషుడు పోవును, ముసలివారు పోవుదురు, పిల్లలు పోవుదురు. తలుపుపై స్త్రీ యనియు పురుషుడనియు వ్రాసియుండదు. లోపల ఒక్కరే ఉందురు, గడియ వేసికొందురు, వచ్చిన పిదప మరియొకరు పోవుదురు. విమానములోను అంతియే. అచ్చట మురికిని గూర్చి తగవులు విన్నాము గాని, ఎవరు స్త్రీ, ఎవరు పురుషుడు అను తగవు వినలేదు. ఒక్కరికే చోటున్న గది, నేల నుండి పైకప్పు వరకు మూసికొను తలుపు, లోపలి నుండి గడియ, లోపలనే చేతులు కడుగుకొను తొట్టి — ఈ నాలుగును ఉన్నచో స్త్రీకి మరుగు చిక్కును, ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి చోటు దొరకును. ఒకరి మేలు మరియొకరికి కీడు కాదు.

విహారనౌకలలో ఇట్టి విడిగదులు కొన్ని ఇప్పటికే కలవు. చక్రముల కుర్చీలో తిరుగువారికై వెడల్పు తలుపులతో కట్టినవి అవి. అమెరికా జలములలోనికి వచ్చు విదేశీ జెండాల విహారనౌకలకును తమ వికలాంగుల హక్కుల చట్టము వర్తించునని ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2005లో తీర్పు చెప్పినది. ఒక వర్గమువారు పోరాడి తెరిపించిన తలుపు ఇతరులకును అక్కరకు వచ్చుట లోకములో తరచు చూచుచున్నదే. అయినను, ఉన్న ఒకటి రెండు గదులలో ట్రాన్స్‌జెండర్ ప్రయాణికులు పోయి కూర్చుండిన, కుర్చీలోని ప్రయాణికుడు బయట కాచుకొనవలసి వచ్చును. బాధితునిపై బాధితుని తోయుట పరిష్కారము కాదు. గదులు పెంచవలెను. క్రొత్త ఓడ కట్టునపుడే ప్రతి భోజనశాల కడను, నాటకశాల కడను ఇట్టివి రెండు మూడు చేర్చుట కష్టము కాదు. తల్లి వెంట లేని చిన్నపిల్లను తీసికొని వచ్చిన తండ్రికి, నడువలేని భార్యకు చేయూతనిచ్చు ముసలి భర్తకు గూడ అవి ఉపకరించును.

ఒక హెచ్చరిక కూడ చేయుదుము. మేలు చేయుచున్నామను తలంపుతో ‘ఇది ట్రాన్స్‌జెండర్ వారికి’ అని పలక తగిలించి వేరొక గది కట్టుట మాకు సమ్మతము కాదు. ఆ తలుపు తెరచినవారి జీవితరహస్యము నడవలోని వారందరికి చాటినట్లగును. తనను గూర్చి చెప్పుకొనుటయో మానుటయో ఆ వ్యక్తి యిష్టము, తలుపు చెప్పరాదు. ‘అందరికిని’ అని వ్రాసిన తలుపు ఎవరి కథను బయటపెట్టదు.

గదితో పని తీరదు. సేవకులకు తర్ఫీదు కావలెను. పాస్‌పోర్టులోని పేరొకటి, మనిషి రూపమొకటిగా కనబడినపుడు ఓడ మెట్లకడ పదిమంది వినునట్లు గట్టిగా ప్రశ్నింపక, ప్రక్కకు పిలిచి మెల్లగా అడుగుట నేర్పవలెను. టిక్కెట్టుపై పాస్‌పోర్టు పేరు తప్పదు. కాని భోజనశాలలో పిలుచుటకు ప్రయాణికుడు కోరిన పేరు పలుకుటకు ఖర్చేమియు లేదు.

ఇది దూరదేశపు ధనికుల ముచ్చటయని శ్రోతలు తలపవలదు. మన విశాఖపట్టణపు రేవులో విహారనౌకలకై నిర్మించిన ప్రయాణికుల భవనము 2023లో ప్రారంభమైనది. విశాఖ నుండి అండమాను దీవులకు పోవు ఓడలను మన కూలీలు, ఉద్యోగులు, కుటుంబములవారు ఎంతో కాలముగా ఎరుగుదురు. ఆ ప్రయాణము రెండు మూడు దినములు. క్యాబినుకు డబ్బు పెట్టలేక బంకు తరగతిలో పోవువారికి స్నానశౌచములు ఉమ్మడివే. విహారనౌకలోని ధనికునికి కనీసము క్యాబిను తలుపైన కలదు. బంకులోని పేదకు అదియు లేదు. కావున ఈ ఏర్పాటు ముందుగా కావలసినది అక్కడనే.

ఓడలు కట్టుట మన చేతిలో లేదు. రేవు భవనములు కట్టుట మన చేతిలో లేదు. కాని వరుసలో మన ముందు నిలిచినవారిని ఎగాదిగ చూడకుండుట మన చేతిలో ఉన్నది. బిడ్డ వ్రేలు చూపి ఏదో అడిగినపుడు నవ్వి ఊరుకొనక, “వారును మనవలెనే ప్రయాణికులు” అని చెప్పుట మన చేతిలో ఉన్నది. 2013లో ఆ నాలుగువేల మంది పడిన పాటు విని మనము జాలిపడితిమి. అదే పాటు ఒక్క మనిషి పడినను పాటే. నాలుగువేల మందికి ఓడను లాగుకొని వచ్చుటకు లాగుడు పడవలు కావలసెను. ఈ ఒక్కరికి ఒక తలుపు, ఒక గడియ చాలును.